పక్క సీటు

మార్చి 4, సోమవారం. ఉదయం, బస్సులో

ఆయన సీట్లో ఇవాళ ఎవరో గొడుగు పెట్టారు.

మనిషి కూడా కాదు, గొడుగు. దాని ఓనరు ముందు సీట్లో నిద్రపోతున్నాడు. లేపి తీయమనొచ్చు. తీస్తే ఆ ఖాళీలో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. అందుకని గొడుగునే ఉండనిచ్చాను.

ఆయన కారులో వెళ్ళారు. మొదటి రోజు. బయల్దేరేముందు కారు చుట్టూ ఓసారి తిరిగి, అద్దం తుడిచి, నాకు చెయ్యి ఊపారు. స్కూలుకి కొత్త సంచీ వేసుకెళ్ళే పిల్లాడిలా ఉన్నారు. నేనూ ఊపాను.

మార్చి 5

గొడుగు లేదు. ఒకావిడ కూర్చుంది. సెంటు వాసన. తలనొప్పి.

మార్చి 9, శనివారం

ఆయన లిఫ్టు మెకానిక్. ఈ మధ్యే సూపర్‌వైజర్ని చేశారు. ఇక ఊరి నాలుగు మూలలా ఉన్న బిల్డింగులన్నీ తిరిగి చూడాలి. పెట్రోలు కంపెనీ ఇస్తుంది, బండి మాత్రం సొంతది ఉండాలి. అందుకే ఈ సెకండ్‌హ్యాండ్ కారు. బస్సులో గంటంపావు పట్టే దారి కారులో నలభై నిమిషాలేనని అత్తగారికి చెప్పారు, పక్కింటాయనకి చెప్పారు, గ్యాస్ తెచ్చిన అబ్బాయికి కూడా చెప్పారు. మిగిలిన టైముతో ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ గంటంపావులో ఏముండేదో నాకు తెలుసు.

ఇంట్లో మేం మాట్లాడుకోం. పోట్లాటలేం లేవు. రెండు గదులు. అత్తగారి టీవీ, అమ్మాయి పరీక్షలు, కుక్కరు, నీళ్ళ మోటారు. ఏది ఎక్కడుంది, ఏది అయిపోయింది, ఇవే మా మాటలు. బస్సెక్కాకే ఆయన మనిషయ్యేవారు. నేను కిటికీ పక్కన, ఆయన ఇటు, ఒళ్ళో రెండు లంచ్ బాక్సులు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళ కథలు చెప్పేవారు. ఒక వకీలుగారు ఇరుక్కుని, బిల్డింగ్ ఓనరు మీద, కంపెనీ మీద, కరెంటు మీద కేసులేస్తానని లోపల్నుంచే కేకలు వేశాడట. తీరా తలుపు తీస్తే, బూట్లు విప్పి తలకింద పెట్టుకుని గుర్రుకొడుతున్నాడట. ఇలాంటివి చెవి దగ్గర మెల్లగా చెప్పేవారు. నేను నోటికి అడ్డంగా కొంగో చెయ్యో పెట్టుకుని నవ్వేదాన్ని. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, ఈ వయసులో వీళ్ళకేంటి ఇంత నవ్వు అన్నట్టు.

మా కాపురం ఇంట్లో కాదు, ఆ బస్సులో జరిగింది. ఇంటికి పడుకోడానికి వెళ్ళేవాళ్ళం.

మార్చి 21, గురువారం

నిన్న ఆయనే అన్నారు, నువ్వూ రావోయ్, నీ హాస్పిటల్ దారిలోనే కదా, దింపేస్తా అని. ఎంత సంతోషం వేసిందో. పొద్దున్నే లేచి బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. ఎవరింటికో పేరంటానికి వెళ్తున్నట్టు.

కారులో ఆయన వేరే మనిషి. స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నారు, వదిలితే పారిపోతుందన్నట్టు. నేను ఏదో మొదలుపెట్టాను. ఆగు, అన్నారు. కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్క నిమిషం, అన్నారు. ఆ నిమిషం హాస్పిటల్ గేటుదాకా సాగింది. మధ్యలో స్పీకర్లో ఆఫీసు ఫోన్లు. ఎవరో కేబుల్ గురించి ఎవర్నో తిడుతున్నాడు. ఆ తిట్లు వింటూ వచ్చాను.

హాస్పిటల్ ఇంకా తాళం తీయలేదు. మెట్లమీద కూర్చున్నాను. మిగిలిన టైమంటే ఇదన్నమాట.

ఏప్రిల్ 2

మళ్ళీ బస్సుకే వస్తున్నాను. బస్సులో ఆయన లేరు కాబట్టి లోటు. కారులో ఆయన ఉండగా లోటు. మొదటిదే నయం.

ఏప్రిల్ 16

సెలవునుంచి వచ్చిన మా పాత కండక్టరు అడిగాడు, సార్ కనబడట్లేదు, ట్రాన్స్‌ఫరా అని. కారు కొన్నారని చెప్పాను. మంచిదేనమ్మా, పైకొచ్చారు అన్నాడు. ఇన్నేళ్ళ అలవాటు కదా, రెండో టికెట్టు కూడా సగం చింపి ఆగిపోయాడు. ఏం చేయాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం చూస్తే కారు డోరు మీద పొడుగాటి గీత. నేను కూర్చునే వైపు. పార్కింగులో పిల్లరు అన్నారు ఆయన. ఆ పిల్లరుకి బుద్ధి లేదు, అన్నారు అత్తగారు టీవీ మీంచి కళ్ళు తీయకుండా. నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

ఏప్రిల్ 30

ఇంకో గీత. అదే వైపు.

మే 9, గురువారం. మధ్యాహ్నం, టెస్ట్ రూములో

తర్వాతి పేషెంటు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున కుండపోత వాన. బస్సులు లేవు. ఆయనతో కారులో వచ్చాను. మా సందు దాటి మలుపు తిరిగేచోట, నా వైపునుంచి సైకిలు మీద ఒక పెద్దాయన వస్తున్నాడు. పసుప్పచ్చ రెయిన్‌కోటు. అంత పచ్చటి మనిషిని చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు. ఈయన చూళ్ళేదు. కారు తిప్పేస్తున్నారు. నేను అరిచాను. బ్రేకు పడింది. పెద్దాయన మా బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడోయ్, అన్నారు ఈయన.

ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. అంతసేపూ అక్కడే ఉన్నాడు.

నా పని ఇదే కదా. ఈ చీకటి గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళకి ఎక్కడిదాకా కనబడుతుందో, ఎక్కణ్ణుంచి కనబడదో టెస్టు చేస్తాను. గడ్డం ఇక్కడ ఆనించండి, మధ్యలో లైటునే చూడండి, చుట్టుపక్కల ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కండి. రోజంతా ఇదే పాట. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు అన్న మాట ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో. వాళ్ళకి చూపు పోతోందని తెలీదు. ఎదురుగా ఉన్నవన్నీ బాగానే కనిపిస్తాయి. పేపరు చదువుతారు, సూదిలో దారం ఎక్కిస్తారు. పక్కల్నుంచి చడీచప్పుడు లేకుండా చీకటి పడుతూ వస్తుంది.

రెండు గీతలూ ఒకే వైపు.

మే 10

పొద్దున ఆయన పేపరు చదువుతుంటే కాఫీ కప్పు పక్కనుంచి పట్టుకెళ్ళి చెవి పక్కన ఆపాను. తీసుకోలేదు. మెల్లగా ముందుకు జరిపాను. ఆవిరి చెంపకి తగిలేంత దగ్గరగా ఉంది. తీసుకోలేదు. ఇంకా జరిపాను. దాదాపు ముక్కు ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి, ఎప్పుడొచ్చావే, అన్నారు.

ఇప్పుడే, అన్నాను.

మే 12, ఆదివారం

ఎలా చెప్పాలి? ఎక్కడ చెప్పాలి? ఇంట్లో చోటు లేదు. కారులో చెప్పకూడదు.

మే 13, సోమవారం. సాయంత్రం

రేపు ఒక్కరోజు నాతో బస్సులో రండి, అని నిన్న అడిగాను. కారేమైందన్నారు. కారుకేం కాలేదు, ఊరికే, అన్నాను. నీకేమైందన్నారు. నాకూ ఏం కాలేదన్నాను. గొణుక్కుంటూనే వచ్చారు.

కండక్టరు ఆయన్ని చూసి రెండు టికెట్లు చింపాడు. మా సీటు ఖాళీగానే ఉంది. కూర్చోగానే ఆయన లంచ్ బాక్సులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు, అడక్కుండానే. ఇప్పుడే చెప్పేద్దాం అనుకున్నాను. ఈలోగా ఆయన మొదలుపెట్టారు. అదేదో ఏడంతస్తుల బిల్డింగులో సంగీతం టీచరు ఇరుక్కుందట. భయపడకుండా ఉండాలని పాడటం మొదలుపెట్టింది. లిఫ్టులో లోపమెక్కడుందో ఈయనకి చిటికెలో దొరికిపోయింది. కానీ పాట మధ్యలో ఉంది కదా. అయ్యేదాకా తలుపు తీయకుండా బయట మెట్లమీద కూర్చున్నారట. బయటికొచ్చి ఆవిడ, ఇంత ఆలస్యమా, కంప్లయింటు ఇస్తాను అందట. ఇవ్వండమ్మా, అన్నారట ఈయన.

నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. నవ్వు వల్ల అనుకున్నారు. ఇంకోటి చెప్పారు. ఇన్ని నెలల కథలు లోపల దాచుకున్న మనిషి, ఒకదాని వెనక ఒకటి. ప్రతి స్టాపులోనూ, ఈ స్టాపు దాటాక చెప్తా అనుకున్నాను. హాస్పిటల్ స్టాపు కూడా దాటిపోయింది. అయ్యో దిగలేదేం, అని ఆయనే కంగారుపడ్డారు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాం. ఆ నడకలో చెప్పాను.

ముందు నవ్వారు. నా కళ్ళకేం, ఆ బోర్డు చదవనా, అని ఎదురుగా ఉన్న బోర్డులన్నీ గట్టిగా చదివారు. టైర్లషాపు, చెప్పులషాపు, స్కూలు. ఒక్క తప్పూ లేదు. చదువుతూ చదువుతూ, పక్కనుంచి వస్తున్న తోపుడుబండిని గుద్దుకున్నారు.

ఆ తర్వాత ఏమీ చదవలేదు. సరే పద, అన్నారు.

మే 14

నిన్న టెస్టు నేనే చేశాను. ఇంకెవరైనా చేస్తారులే అన్నారు డాక్టరమ్మ. వద్దన్నాను.

గడ్డం ఇక్కడ ఆనించండి అన్నాను. ఏమండీ అనలేదు. ఏమండీ అంటే ఏడుపు ఆగేది కాదు.

చుక్కలు నాకు స్క్రీన్ మీద కనబడతాయి. చుక్క మెరుస్తుంది, బటన్ చప్పుడు. చుక్క, చప్పుడు. తర్వాత చుక్క, చుక్క, చుక్క. చప్పుడు లేదు. ఆయన కదలకుండా మధ్యలో లైటునే చూస్తున్నారు, చెప్పినమాట వినే పిల్లాడిలా. నొక్కండి, నొక్కండి అనుకుంటున్నాను లోపల. ఒకచోట నా బొటనవేలు దానంతటదే ముడుచుకుంది, ఆయన బదులు నొక్కుతున్నట్టు.

ప్రింటు తీశాను. పక్కలన్నీ నలుపు.

పోయినది రాదు, ఉన్నది పోకుండా చూసుకుందాం, అన్నారు డాక్టరమ్మ. కంట్లో ప్రెషరు ఎక్కువగా ఉంది, రోజూ చుక్కల మందు వేయాలి, మానకూడదు. డ్రైవింగ్ మాత్రం ఇవాళ్టినుంచే ఆపేయాలి. ఇంకేమైనా అడగాలా అంటే ఆయన, కారుకి కవరు కొనాలేమో, అన్నారు.

మే 29

కవరు కొన్నారు. బూడిదరంగు.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే. తీసేయలేదు. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పించే వర్క్‌షాపులో వేశారు. అది ఊరి చివర. ఒకే బస్సులో వెళ్ళడానికి లేదు, మధ్యలో పెద్ద బస్‌స్టాండులో దిగి మారాలి. నా బస్సు కాదు. ఆయన నాకంటే ముందే వెళ్ళిపోతారు. మందు మాత్రం నేనే వేస్తాను. తల వెనక్కి వాల్చి నోరు కొంచెం తెరుస్తారు. ఆ క్షణం ఆయన మొహం నా చేతుల్లో ఉంటుంది. తర్వాత లేచి వెళ్ళిపోతారు.

మాట్లాడటం మానేశారు. బస్సులో దొరికిన మనిషి ఒక్క పొద్దుటికే దొరికాడు.

జూన్ 6

బస్‌స్టాండులో పడ్డారు. ఎవరో పక్కన సంచీ పెడితే తట్టుకుని. మోకాలు చీరుకుపోయింది, అరచేతులు దోక్కుపోయాయి. వాన పడి జారానని చెప్పారు. వాన లేదు.

అత్తగారు టీవీ ఆపేశారు. పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను, సీరియల్ మధ్యలో ఆవిడ టీవీ ఆపడం ఇదే మొదలు. వంటింట్లోకి వచ్చి, ఆ కారుని మూలన పెట్టి దుప్పటి కప్పారు, దానికేమైనా జలుబు చేసిందా, అన్నారు. నడిపేవాళ్ళేరండీ అత్తయ్యా, అన్నాను. నీకు చేతులూ కాళ్ళూ లేవా, కళ్ళు లేవా, అన్నారు. అన్నాక, కళ్ళు అన్నందుకు తనే కొంగుతో మొహం తుడుచుకున్నారు.

జూన్ 10

డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఆయనకి చెప్పలేదు. నేర్పించేది ఒకావిడ, ఒకప్పుడు అంబులెన్స్ నడిపిందట. అందరూ బ్రేకు మేడం అంటారు. మొదటి మాట, ఏడవాలంటే బండి పక్కకి ఆపి ఏడువు, చాలామంది ఏడుస్తారు, అంది.

జూన్ 13

క్లచ్చుని మనిషి కనిపెట్టి ఉండడు.

జూన్ 14

పక్కకి ఆపి ఏడ్చాను.

జూన్ 27

బ్రేకు మేడం అంది, నువ్వు పక్కలు తెగ చూస్తావేంటమ్మా, రోడ్డు మధ్యలో కూడా కాస్త ఉంటుంది, అని. నా ఉద్యోగం చెప్పాను. ఆయన సంగతీ చెప్పాను. క్లాసు అయిపోయినా ఇంకో రౌండు తిప్పించింది.

జూలై 19

లైసెన్సు వచ్చింది. తెచ్చి ఆయన పేపరు మీద, సరిగ్గా మధ్యలో పెట్టాను. చాలాసేపు చూశారు. ఫోటో బాలేదన్నారు. తర్వాత కిందికి వెళ్ళి కారు కవరు తీసి మడతపెట్టడం బాల్కనీలోంచి చూశాను.

జూలై 22, సోమవారం

వర్క్‌షాపుదాకా దింపి, వెనక్కొచ్చి హాస్పిటల్‌కి చేరాను. నాకు దారి ఎక్కువే. బస్సయితే హాయిగా కిటికీలోంచి చూస్తూ వెళ్ళేదాన్ని. అయినా ఇదే కావాలి.

దారి పొడవునా ఆయన కాలు, ఆ వైపు లేని బ్రేకుని నొక్కుతూనే ఉంది.

జూలై 26

ఇవాళ ఆయన ఏదో అనబోయారు. లారీ ఒకటి మీదికొస్తోంది. ఒక్క నిమిషం ఆగండి, అన్నాను.

అన్నాక విన్నాను, ఏమన్నానో. ఆయన ఆగారు. నేను అడుగుదామనుకునేసరికి వర్క్‌షాపు వచ్చేసింది. దిగి వెళ్ళిపోయారు. గేటు దగ్గర ఇనుపగొళ్ళెం కోసం చేత్తో తడుముకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఇన్ని నెలలు ఈ మనిషి గొంతు కోసం మొహం వాచి ఉన్నాను. తీరా తనే నోరు తెరిస్తే ఆపింది నేను.

ఆగస్టు 8, గురువారం

ఇవాళ హైవే ఎక్కలేదు. పాత బస్సు దారిలో తిప్పాను. టైమెక్కువ పడుతుంది, లారీలుండవు, మెల్లగా పోవచ్చు. ఇది బస్సు దారి కదోయ్, లేటవుతుంది, అన్నారు. అవనీండి, అన్నాను.

చెట్లు మొదలయ్యేచోట ఆయన మాట్లాడారు. కథ అనుకున్నాను. కథ కాదు.

కారు కొన్న మొదటి వారంలోనే ఏదో తేడాగా ఉందని తెలిసిందట. పక్కనుంచి బళ్ళు ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యేవట. కొత్త కదా, అలవాటవుతుంది అనుకున్నారట. అవలేదు. రోజూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నడిపారట. నువ్వెక్కిన రోజు మరీ భయమేసిందే, నా ఒక్కడి ప్రాణం కాదుగా, నీతో మాట్లాడుతుంటే ఏ మనిషినో చూడకుండా పోతానేమోనని నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి, అన్నారు. ఎవరికి చెప్పినా కారు అమ్మేయమంటారు, మళ్ళీ మెకానిక్కుగానే వెళ్ళాలి. పైకొచ్చావని అందరూ అన్నాక కిందికి ఎలా దిగను, అన్నారు.

నామీద విసుగొచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. కారొచ్చింది, హోదా వచ్చింది, నా కబుర్లు చేదయ్యాయి అనుకుని బస్సు కిటికీకి తల ఆనించి ఎన్ని ఉదయాలు వెళ్ళానో. ఆయన అదే పొద్దున ఇంకో రోడ్డు మీద చెమటలు కక్కుతూ ఒంటరిగా.

ఇది చెప్తున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలీదు. చూడటానికి లేదు. ముందు స్కూలు పిల్లలు రోడ్డు దాటుతున్నారు. పక్కనే ఉన్నారు, చెయ్యి చాపితే తగులుతారు. నా చేతులు రెండూ స్టీరింగు మీద.

ఇంకా చెప్పండి, అన్నాను.

ఆగస్టు 20

కథలు మళ్ళీ మొదలయ్యాయి. వర్క్‌షాపులో ఒక కుర్రాడికి లిఫ్టంటేనే భయమట, మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చి లిఫ్టు బాగుచేస్తాడట. నవ్వుతుంటే బండి కొంచెం ఊగింది. రోడ్డు చూడవే తల్లీ, అన్నారు.

రోడ్డే చూస్తున్నాను. బస్సులో అయితే ఆయన్ని చూసేదాన్ని. కథ చెప్పేటప్పుడు ఆయన కనుబొమలు ముందే నవ్వేవి, మాట తర్వాత వచ్చేది. ఇప్పుడు మాటే వినబడుతుంది.

సెప్టెంబరు 2, సోమవారం

సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన మాట్లాడటం ఆపారు. నావైపు చూస్తున్నారని తెలిసింది. పక్కచూపు లేదు కదా, నన్ను చూడాలంటే తల పూర్తిగా తిప్పాలి. తిప్పి చూస్తున్నారు.

ఏంటండీ, అన్నాను.

ఉండు, చూడనీ, అన్నారు.

గ్రీన్ పడింది. వెనక హారన్లు. నేను కదల్లేదు.